సోరియాసిస్: అంటువ్యాధి కాదు, దీర్ఘకాలిక చర్మవ్యాధి

మోచేతులు, మోకాళ్లు, నడుము, తల భాగాలలో ఎర్రని మచ్చలు లేచి, వాటిపై వెండిరంగు పొలుసులు కట్టి రాలుతుంటే చాలామంది దానిని తామర అనో, గజ్జి అనో, ఒక్కొక్కప్పుడు కుష్ఠు అనో భ్రమిస్తారు. చామనచాయ గలవారిలో ఈ మచ్చలు ఊదా లేదా ముదురు గోధుమ రంగులో కూడా కనిపించవచ్చు. సోరియాసిస్‌కు ఏ క్రిమీ కారణం కాదు. ఒకే పంక్తిలో భుజించినా, ఒకే గదిలో నిద్రించినా, ఒకే కుళాయి వద్ద నీరు పట్టుకున్నా ఇది ఇతరులకు సోకదు.

కారణం

శరీరాన్ని రక్షించవలసిన రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పి చర్మకణాల పెరుగుదలను వేగవంతం చేస్తుంది. సుమారు నెల రోజులు పట్టవలసిన పెరుగుదల 3 నుండి 5 రోజులలోనే ముగుస్తుంది. పాత కణాలు రాలకముందే కొత్తవి పైకి చేరి పొలుసులుగా పేరుకొంటాయి. వంశపారంపర్య ప్రభావం ఉన్నప్పటికీ, తల్లిదండ్రులకు ఉన్నంత మాత్రాన బిడ్డలకు తప్పక వస్తుందని భావించరాదు. గొంతునొప్పి, మానసిక ఒత్తిడి, చర్మానికి గాయం, పొగాకు, మద్యం, కొన్ని మందులు వ్యాధిని రేపగలవు.

చికిత్స

దీనిని శాశ్వతంగా రూపుమాపే మందు లేదు; అదుపులో ఉంచే మార్గాలు అనేకం ఉన్నాయి. తేమనిచ్చే లేపనాలు, పూతమందులు, అతినీలలోహిత కాంతి చికిత్స, మాత్రలు, సూదిమందులు వ్యాధి తీవ్రతను బట్టి ఇస్తారు. మెథోట్రెక్సేట్ మాత్రను ఈ వ్యాధికి వారానికి ఒకసారి మాత్రమే వాడాలి. ప్రతిదినం మింగితే ప్రాణాపాయం. వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ మాత్రలు వాడి హఠాత్తుగా మానినచో వ్యాధి విజృంభించవచ్చు. 'పూర్తిగా నయం చేస్తాము' అనే ప్రకటనలను నమ్మి పేరులేని పొడులు సేవించవద్దు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఉదయం కీళ్లు బిగుసుకొనడం, వేళ్లు వాయడం కీళ్లకు వ్యాధి వ్యాపించిన సూచనలు కావచ్చు. ఒళ్లంతా ఎర్రబారినా, జ్వరంతో చీముపొక్కులు లేచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. స్థానిక భాష రాకపోయినా సంకోచించవద్దు. 'సోరియాసిస్' అనే పేరు వైద్యులందరికీ తెలిసినదే. పాత మందుచీటీలు, వాడుతున్న మందులు వెంట తీసుకువెళ్లండి.

ఇరుగుపొరుగువారికి విజ్ఞప్తి

2014లో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్‌ను దీర్ఘకాలికమైన, అంటని వ్యాధిగా గుర్తించింది. కాబట్టి ఇంటి యజమానులు గది నిరాకరించడానికి, మేస్త్రీలు పనిలో చేర్చుకొనకపోవడానికి, మంగలి దుకాణంవారు వెనక్కి పంపడానికి ఇది కారణం కాకూడదు. రోగి చర్మంపై మచ్చలు తగ్గవచ్చు. వెలివేత మిగిల్చే గాయం అంత త్వరగా మానదు.