ఐ వర్క్‌డ్ అనాలా, ఐ హ్యావ్ వర్క్‌డ్ అనాలా?

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో షిఫ్ట్ బస్సు కోసం నిలబడి ఈ వీడియో చూసేవాళ్లూ ఉంటారు. ఇవాళ్టి ఎపిసోడ్ మీకే.

ముందు నా కథ. బీటెక్ అయ్యాక చేరిన మొదటి కంపెనీలో రెండేళ్లు నిండాయి, ఇంకా అక్కడే చేస్తున్నా. వేరే చోట ఇంటర్వ్యూకి వెళ్లి "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్" అన్నా. ఆయన వెంటనే "వై డిడ్ యూ లీవ్?" అన్నారు. నేనెప్పుడు మానేశాను సార్! చెమటలు పట్టేశాయి. తప్పు నాదే. 'వర్క్‌డ్' అన్నానంటే ఆ పని అయిపోయిందనే లెక్క. "ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్" అనాల్సింది. "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్" మాత్రం అనకండి, అదింకో తప్పు.

ఎందుకిలా అవుతుందంటే, తెలుగులో 'తిన్నావా' ఒక్కటే మాట. ఇప్పుడు అడిగినా అదే, నిన్నటి గురించి అడిగినా అదే. ఇంగ్లిష్‌లో "హ్యావ్ యూ ఈటెన్?" వేరు, "డిడ్ యూ ఈట్ యెస్టర్‌డే?" వేరు. (అమెరికాలో ఉన్న మనవాళ్లు "డిడ్ యూ ఈట్ యెట్?" అంటారు, అక్కడ అది నడుస్తుంది. మన పరీక్షల్లో వద్దు.)

మన దగ్గరి ఉదాహరణే చూడండి. "ఇక్రిశాట్ వాజ్ ఫౌండెడ్ ఇన్ 1972." స్థాపించడం ఆ ఏడాదితో అయిపోయింది. "ఇక్రిశాట్ హ్యాజ్ ఎగ్జిస్టెడ్ సిన్స్ 1972." ఉండటం ఇంకా నడుస్తోంది, పటాన్‌చెరు వెళ్తే గేటు కనిపిస్తుంది. ఏడాది ఒకటే, 'ఇన్', 'సిన్స్' చూశారా? అందుకే "సంగారెడ్డి హ్యాజ్ బికమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2016" తప్పు. 'బికేమ్' చాలు.

ఇక 'హ్యాడ్'. మనకి అదంటే మహా ఇష్టం. "యెస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు ఆఫీస్" అంటాం. ఎందుకండీ, 'వెంట్' సరిపోతుంది. గతంలో రెండు పనులుండి, ఏది ముందో చెప్పాల్సినప్పుడే హ్యాడ్ కావాలి. "వెన్ ఐ రీచ్డ్, ది బస్ హ్యాడ్ లెఫ్ట్" అంటే నేను వచ్చేసరికే బస్సు వెళ్లిపోయింది. హ్యాడ్ తీసేసి "ది బస్ లెఫ్ట్" అన్నారనుకోండి, మీరొచ్చాక కదిలిందని అర్థం. మరి ఎక్కలేదేం అని సూపర్‌వైజర్ అడుగుతాడు!

ఇప్పుడు మీ వంతు. "మా నాన్న పాశమైలారంలో పదేళ్లు చేశారు, పోయినేడాది మానేశారు." దీన్ని ఇంగ్లిష్‌లో కామెంట్‌లో పెట్టండి, నేను చూస్తా.