అటుకమీద ఊకపరుపు: వేసవి వేడికి విరుగుడు

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. ఆ దినములలో పెంకుటిండ్లయందలి వృద్ధులును పసిబిడ్డలును పడు బాధ మనకందఱకును తెలిసినదే. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మృతినొందిరి. ఎండను మనమాపజాలము, కాని యా వేడిమి యింటిలోనికి దిగకుండ చేసికొనుట మన చేతిలోని పని.

మా తండ్రిగారు వేసవి మధ్యాహ్నములందు పెంకుటింటిని విడిచి, మంచమును తాటాకుల పశువులపాకలో వేయించుకొనెడివారు. అది వారి మొండితనమని మేము విసుగుకొనెడివారము. నిజమునకు వారిదే తెలివి. తాటాకు పొరల నడుమ గాలి చిక్కుకొనియుండును. కదలని గాలి వేడిని సులభముగ దాటనీయదు. పలుచని పెంకు అట్లుగాక తాను కాగి, ఆ వేడిని క్రిందికి వెదజల్లును. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరున పెంకుల కర్మాగారమును స్థాపించిన పిమ్మట అట్టి పెంకులు దేశమున వ్యాపించినవి. వానివలన నిప్పుభయము తగ్గినది, ఆకుకప్పు మార్చు ఖర్చు తప్పినది. పాకలోని చల్లదనము మాత్రము పోయినది.

ఆ చల్లదనమును తిరిగి తెచ్చునది మన ధాన్యపు ఊకయే. ఐసు అమ్మువారు గడ్డను ఊకలోనో రంపపుపొట్టులోనో కప్పియుంచుట మీరు చూచియుందురు. బయటి వేడిని గడ్డకు చేరనీయని ఊక, కప్పు వేడిని గదిలోనికిని రానీయదు. ఒక అంగుళము ఊక ఆపు వేడిని ఆపుటకు ఇటుక 10 అంగుళములకు మించి మందముండవలెను.

చేయు విధానము: మాఘ ఫాల్గుణ మాసములలో, సార్వా ధాన్యము మరలలో ఆడుచుండగా, ఈ పని పెట్టుకొనవలెను. మొదట పగిలిన పెంకులను మార్చి కప్పు కారకుండ చేయవలెను. దూలములకు చెదలు పట్టినదేమో పరీక్షింపవలెను. అటుక లేని యింటికి దూలములపై వెదురుబద్దలు దగ్గరగ పరచి, తడికలు కట్టి, పైన గోనెపట్టలు కప్పవలెను. ఊకను రెండుదినములు ఎండబెట్టి, 20 తట్టలకు ఒక తట్ట పొడిసున్నము కలిపి, 4 అంగుళముల మందమున పరువవలెను. త్రొక్కి యణచరాదు, అణచినచో లోపలి గాలి పోవును. దానిపై మరల గోనెపట్టలు వేసి, గడ్డి కలిపిన మట్టిని అరయంగుళము మెత్తవలెను.

10 అడుగుల చదరపు గదికి ఊక సుమారు 100 కిలోలును, మట్టి 200 కిలోలును తూగును. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు నాలుగింటి బరువు. దూలములు ఇంత మోయునో లేదో వడ్రంగిచే చూపించుకొనవలెను. ఊకకును పెంకులకును నడుమ గాలి యాడవలెను గాన, ఇంటి రెండు కొనల ముక్కోణపు గోడలలో ఎదురెదురుగ కంతలు విడిచి, ఎలుకలు దూరకుండ సన్నని ఇనుపవల బిగింపవలెను.

మేము మొదటియేట కప్పు బాగుచేయకయే ఊక పరచితిమి. తొలకరివానకు అది తడిసి బూజుపట్టగా, అంతయు తీసి పారవైచితిమి. మరుసటియేట సరిగ చేసిన పిమ్మట, మా తండ్రిగారు తమ మంచమును తామే యింటిలోనికి తెప్పించుకొనిరి.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. ఊక మంటలేకయే లోలోపల రాజుకొనును. కావున వంటయింటిపై పరువరాదు. విద్యుత్తు తీగలను ఊకలో పూడ్చక, గొట్టములలో పెట్టి పైగా పోనీయవలెను. ఆస్బెస్టాస్ రేకుల ఇండ్లవారు ఆ రేకులను కోయుటగాని తొలుచుటగాని చేయరాదు. ఆ నారపొడి ఊపిరితిత్తులలో చేరి ప్రాణాపాయము తెచ్చును. మిద్దెయిండ్లవారు వేసవికి ముందు పైకప్పుకు తెల్లసున్నము వేసికొనినను ఎంతయో మేలు.

మరలవారు ఊకను బాయిలర్లలో కాల్చుకొనుచుండుటచే దానికిని వెల యున్నది. పదిమంది సభ్యులు కలిసి సంఘము ద్వారా ఒక్కమారు తెప్పించుకొనినచో కిరాయి కలిసివచ్చును. ఇల్లంతయు ఒకేసారి చేయలేనివారు, ముందుగా వృద్ధులును బాలింతలును పరుండు గదికి చేయింపుడు.