అశ్వహృదయము

మహాభారతమందలి నలోపాఖ్యానమున, బాహుకుడను మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు కొలువున సారథియై దినములు వెళ్లబుచ్చుచున్న నలుడు, ఒక్క పగటిలో విదర్భ చేరవలసిన అగత్యము వాటిల్లినప్పుడు, అశ్వశాలలోని బలిసిన గుఱ్ఱములను కాదని, చూపులకు బక్కచిక్కియున్న వానిని ఏరి రథమునకు పూన్చెను. ఇవి మనలను అంత దూరము మోయగలవా యని రాజు శంకించెను. తీరా దారిలో తన ఉత్తరీయము జారిపడగా, రథము నిలుపుమని నోరు తెఱచునంతలో అది యోజనము దూరము వెనుకబడినదని విని నివ్వెఱపోయెను. నలుడెఱిగిన ఆ విద్యకు అశ్వహృదయమని పేరు. ఋతుపర్ణుడెఱిగిన విద్య వేఱు: తాండ్రచెట్టు నొక్క చూపు చూచి దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పగల అక్షహృదయము. ఒకటి గుఱ్ఱము మనసెఱుగుట, వేఱొకటి లెక్క యెఱుగుట. వేగము కొఱకై నేడు నిర్మింపబడుచున్న కార్ల కథ యంతయు ఈ రెండు విద్యల నడుమ నడచుచున్న బేరమే యని నాకు తోచును.

కార్ల దుకాణములలో రాజ్యమేలుచున్నది అక్షహృదయమే. ఇంజనునకు ఎన్ని అశ్వశక్తులు, నిలిచినచోటి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగ మందుకొనుటకు ఎన్ని సెకండ్లు, ధర ఎన్ని లక్షలు అను ఈ ప్రశ్నలన్నియు అంకెలకు లొంగునవి, పట్టికలో అచ్చువేయదగినవి. నడపువానికి కలుగు అనుభూతి యొక్కటే పట్టికలో చోటు చిక్కక బయట నిలిచియున్నది. ఆ మాట వినుటకు కవుల మాటవలె నున్నను, దానికి భౌతికశాస్త్రమున గట్టి పునాది కలదు. కారు మలుపు తిరుగునప్పుడు ముందు టైరు నేలను తాకు అరచేతి మేరలో పుట్టు ప్రక్కబలము, ఆ మేరకు నట్టనడుమ గాక కొంచెము వెనుకగా పనిచేయును. అందువలన చక్రము తనంతట తాను తిన్నబడ గోరుచు, ఆ కోరికను స్టీరింగు ద్వారా బరువు రూపమున చేతులకు తెలుపును. టైరు పట్టు సడలు దశకు చేరువగుకొలది ఆ బలము ముందునకు జరుగుటచే స్టీరింగు ఒకింత తేలికపడును. కారు జాఱకమునుపే చేతులకందు ఈ కబురును చదువ నేర్చినవానికి మలుపు భయకారణము గాక ఆనందకారణమగును.

వెనుకటి కార్లలో ఈ స్టీరింగునకు నూనె ఒత్తిడి సాయపడుచుండెను. ఆ నూనెను తోడు పంపు, పని యున్నను లేకున్నను ఇంజనుమీద ఆధారపడి తిరుగుచు ఇంధనమును తినుచుండెడిది. దాని స్థానమున వచ్చిన విద్యుత్ మోటారు అవసరమైనప్పుడే పనిచేయును. కారు దారి తప్పకుండ కాచుట, తనంతట తాను నిలుపుకొనుట మొదలగు సదుపాయములకును అదియే మూలము. అయితే ఆ మోటారు రాపిడియు, దానిని నడపు కంప్యూటరు లెక్కయు కలిసి, టైరు పంపు సన్నని కబురులను జల్లెడ పట్టి ఆపివేయుట కూడ కలదు. 2011లో పోర్షేవారు తమ 911 కారునకు విద్యుత్ స్టీరింగు అమర్చినప్పుడు, దాని వేగమును మెచ్చుకొన్న పాతకాలపు అభిమానులే చేతికేదో వెలితిగా నున్నదని గొణిగిరి.

ఈ అనుభూతినే తమ సరకుగా నెంచినవారి కథ జపాను దేశమున హిరోషిమా నగరమునకు చెందినది. 1979లో బాబ్ హాల్ అను అమెరికా పత్రికారచయిత, మాజ్డా సంస్థయందు ఉన్నతోద్యోగియగు కెనిచి యమమోటోతో ముచ్చటించుచు, నానాటికి మఱుగున పడుచున్న బ్రిటిషువారి చిన్న టాపులేని కార్లవంటి దానిని మీరేల చేయరాదని సూచించెను. పదేండ్లకు, 1989 ఫిబ్రవరిలో, చికాగో మోటారు ప్రదర్శనమున ఆ మాట ఎం.ఎక్స్-5 అను రెండు సీట్ల కారై నిలిచెను. తోషిహికో హిరాయి నాయకత్వమున పనిచేసిన ఇంజనీర్లు తమ లక్ష్యమునకు ‘జింబా ఇత్తాయి’ యని పేరిడుకొనిరి. గుఱ్ఱమును రౌతును ఒకే ప్రాణియగుట యని దాని భావము. పరుగిడు గుఱ్ఱముమీది నుండి బాణము వేయు జపాను వీరుల విద్యనుండి పుట్టిన భావన అది. నలుని కథ వారు వినియుండిరో లేదో గాని, వారు వెదకినది అశ్వహృదయమునే.

ఆ కారులో కన్నులు మిఱుమిట్లుగొలుపు యంత్ర మొక్కటియు లేదు. 1.6 లీటర్ల ఇంజను అదే సంస్థవారి సామాన్య కుటుంబపు కారు సంతతిలోనిది. దాని బలము 116 అశ్వశక్తులు మాత్రమే. అక్కడ మిగిల్చిన ధనమును కొనువాని కంటబడని చోట్ల వెచ్చించిరి. ఏ కుదుపునందైనను టైరు నేలకు చదునుగా ఆనియుండునట్లు ప్రతి చక్రమును రెండేసి బాహువులతో పట్టి నిలిపిరి. గేరుబాక్సును, వెనుక చక్రములకు బలము పంచు డిఫరెన్షియలును ఒకే అల్యూమినియపు దూలముతో బిగించిరి. ఆ బిగింపు వలన కాలితో యాక్సిలరేటరు నొక్కిన నొక్కు ఎక్కడను వదులు కాక చక్రమునకు చేరును. మొత్తము బరువు టన్నునకు లోపు, అమెరికాలో ధర సుమారు 13,800 డాలర్లు. 2016 ఏప్రిల్ నాటికి తయారైన కార్ల సంఖ్య పది లక్షలు దాటినది.

బరువు తక్కువగుటలో నున్న లాభము గృహిణులెఱిగిన పొదుపు వంటిది. ఒకచోట మిగిలినది పదిచోట్ల అక్కఱకు వచ్చును. తేలిక కారునకు చిన్న ఇంజను చాలును, చిన్న ఇంజనునకు చిన్న ట్యాంకు చాలును, సన్నని టైర్లును చిన్న బ్రేకులును సరిపోవును. ఇవన్నియు చవుకయగుటయే గాక మఱల బరువును తగ్గించును. బరువైన కారున వేగము కోరువాడు దీనికి విపరీతమైన చక్రమున చిక్కుకొనును: పెద్ద ఇంజను, దానిని అదుపుచేయ పెద్ద బ్రేకులు, వానిని మోయ మఱింత గట్టి చట్రము, వీటన్నిటి లోపములను కప్పిపుచ్చ కంప్యూటర్లు, చివరకు వీటన్నిటి వెల. కాబట్టియే 2015లో ఎం.ఎక్స్-5 నాలుగవ తరము రూపొందినప్పుడు, గాలిసంచులు మొదలగు రక్షణోపకరణములు కాలక్రమమున ఎన్నో చేరినను, ఇంజనీర్లు మునుపటి తరముకంటె సుమారు 100 కిలోలు తగ్గించి మఱల టన్ను దరికి తెచ్చిరి. ఇటీవలి నమూనాలలో, మలుపున లోపలివైపు వెనుక చక్రమునకు లేశమాత్రము బ్రేకువేసి కారు మేనును నేలకు అదిమిపట్టు ఏర్పాటు కూడ చేసిరి. అది కేవలము కంప్యూటరుతో సాధించినదగుటచే, ఒక్క గ్రాము బరువు పెరుగలేదు. సాంకేతికత తగినచోట తగినంతగా నిలిచిన, అనుభూతికి అది శత్రువు కాదనుటకు ఇది నిదర్శనము.

ఇందుకు వేఱైన మార్గమును 2007 డిసెంబరులో నిస్సాన్ వారి జి.టి-ఆర్ చూపెను. దాని బరువు సుమారు 1,740 కిలోలు. రెండు టర్బోలు గల 3.8 లీటర్ల ఇంజను 480 అశ్వశక్తులను పుట్టించుచుండగా, కంప్యూటరు ఆ బలమును నాలుగు చక్రములకు క్షణక్షణము పంచిపెట్టుచుండును. జపానులో 77.7 లక్షల యెన్‌లకు అమ్ముడై, అంతకు మిక్కిలి వెలగల ఐరోపా కార్లను పరుగున మించిన ఆ కారు, వేగము శ్రీమంతుల సొత్తను మాటను తుడిచివేసినది. సాంకేతికత చేసిన ఈ ఉపకారమును తక్కువగా ఎంచరాదు. కాని ఆ వేగమును ఎక్కడ అనుభవింపవలెను? స్వదేశమున ఆ కారును గంటకు 180 కిలోమీటర్లు దాటనీయని కట్టడి యుండెను. ఉపగ్రహముల సాయముతో అది పందెపు మైదానమున నున్నట్లు గుర్తించినప్పుడే చోదకుడు ఆ కట్టడిని తొలగింపవచ్చును. యజమాని అనుమతికంటె ఆకాశపు అనుమతి ముఖ్యమైన గుఱ్ఱమది!

2012లో టొయోటావారు సుబారువారితో కలిసి చేసిన 86 అను కారు ఆ ప్రశ్నకు ఇచ్చిన సమాధానము విచిత్రమైనది. ప్రధాన ఇంజనీరు తెత్సుయా తాదా బృందము రెండు లీటర్ల ఇంజనునకు టర్బో తొడుగలేదు. ఇంధనము పొదుపునకు పేరుపడ్డ ప్రియస్ కారునకు వాడిన రకము టైర్లనే దీనికిని వేసిరి. పట్టు తక్కువైన టైరు తక్కువ వేగముననే తన హద్దును చేరును గనుక, చోదకుడు ప్రాణములొడ్డకుండనే ఆ హద్దు దగ్గఱి ఆటను ఆడవచ్చును. రెండు సంస్థలు ఖర్చు పంచుకొనుటచే జపానులో ఆరంభపు ధర సుమారు 20 లక్షల యెన్‌లకు దిగినది. ఇక్కడ కొఱతయే అలంకారమైనది.

పైమెట్టున నున్న వారికిని ఈ పాఠము తప్పలేదు. 2013లో పోర్షే 911 జి.టి.3 కారు చేతిగేరును విడిచి, కంప్యూటరు మార్చు రెండు క్లచ్చుల గేరుబాక్సుతో మాత్రమే వచ్చెను. అది చేతికంటె వేగముగా గేరు మార్చుననుటలో సందేహము లేదు. అయినను 2016లో చేతిగేరుతో 991 కార్లను మాత్రమే 911 ఆర్ అను పేర విడుదల చేయగా, చేతులు మారుటలో వాని వెల అసలు ధరకు ఎన్నో రెట్లు పెరిగినది. మఱుసటి యేడు జి.టి.3 లోనికి చేతిగేరు తిరిగివచ్చెను. చౌకలో సహజముగా దొరకుచుండిన వస్తువు, కరవైనంతనే విలాసవస్తువై కూర్చుండుట సంతకు క్రొత్త గాదు.

విద్యుత్ కార్ల యుగమున ఈ విడ్డూరము పరాకాష్ఠ చేరినది. 2023లో వెలువడిన హ్యుండై ఐయానిక్ 5 ఎన్ సుమారు 2.2 టన్నుల బరువుతో, 600కు పైబడిన అశ్వశక్తులతో దూసుకొనిపోవును. దానికి మార్చదగిన గేర్లు లేవు. అయినను ఎనిమిది గేర్లున్నట్లు, మార్చినప్పుడెల్ల చిన్న కుదుపు కలుగునట్లు, స్పీకర్లలో ఇంజను ఘోష వినవచ్చునట్లు కంప్యూటరుతో నటింపజేసిరి. కొందఱు నవ్విరి. నాకు మాత్రము ఇందొక ఒప్పుకోలు కనబడుచున్నది: ఎంత వేగముగా పోవుచున్నాడో చెవియు చేయియు చెప్పనిచో, మనుజుడు వేగమునే అనుభవింపలేడు.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు దారిలోనే తన విద్యను నలునకిచ్చి, నలుని విద్యను పిమ్మట గ్రహించెను. అక్షహృదయము అబ్బినంతనే నలుని దేహమున దాగి పీడించుచున్న కలిపురుషుడు వెడలిపోయెను. అనగా గుఱ్ఱము మనసెఱిగినవానికి సయితము లెక్క రాక విముక్తి లేదు. ఎం.ఎక్స్-5 నిర్మాతలు ప్రతి డాలరును ప్రతి కిలోను లెక్కించినవారే. వారి ఘనత లెక్కను గుఱ్ఱమునకు దాసిగా నిలుపుటలో నున్నది. కారు కొనబోవు సామాన్యుడును పట్టికను చదివి, ధర బేరీజు వేసికొని, ఆపై రేడియో ఆపివేసి, ఒక వంపు దారిని గంటకు 40 కిలోమీటర్ల వేగమున నడపి చూడవలెను. చేతికి కబురు అందుచున్నదా, బ్రేకు కాలికి లొంగుచున్నదా యనునది ఆ వేగముననే తెలియును. ఆ పరీక్షకు నిలిచిన బండి చూపులకు బక్కగానే యుండవచ్చును; ఋతుపర్ణునివలె శంకింపక ముందు దాని నెక్కవలెను.