నగరంలో వృక్షసేవ



విభూతియోగంలో శ్రీకృష్ణపరమాత్మ వృక్షాలలో తాను అశ్వత్థమని చెప్పుకొన్నాడు. అందుచేతనే మనం రావిచెట్టుకు ప్రదక్షిణం చేసి, మొదట జలం పోస్తున్నాము. మత్స్యపురాణంలో పార్వతీదేవి అశోకపు మొక్కను పుత్రునిగా పెంచుకొని, ఒక్క వృక్షం పదిమంది పుత్రులకు సమానమని పలికింది.

ఇది స్తుతిమాత్రమే కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి, హైదరాబాదు నగరంలో వేలాదిమంది మరణించారు. ఆనాడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కిన సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఎక్కినవారి కులమేది, మతమేది అని ఆ చెట్టు విచారించలేదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచిన ఆ చింతను నగరవాసులు నేటికీ కృతజ్ఞతతో తలచుకొంటారు.

వరద ఎన్నడో వస్తుంది. ఎండ ఏటేటా వస్తుంది. సిమెంటు, తారు పగలంతా వేడిని గ్రహించి రాత్రివేళ విడుస్తాయి. కనుకనే నగరంలో రాత్రులు సైతం చల్లబడవు. చెట్టు అట్లు కాదు. వేళ్లు పీల్చిన నీటిని ఆకుల ద్వారా ఆవిరిగా విడుస్తూ, అందుకు కావలసిన వేడిని పరిసరాలనుండి తీసుకొంటుంది. పందిరి నీడకంటె చెట్టునీడ చల్లనగుటకు ఇదియే కారణం.

మరి ఆ చెట్టుకు మనం చేస్తున్నదేమి? మొదలును ఆనుకొని సిమెంటు అరుగు కట్టి, దానిపై భక్తితో చెంబెడు నీళ్లు పోస్తున్నాము. ఆ నీరు వేరును చేరక కాలువ పాలగుచున్నది. వేళ్లకు నీరే కాదు, గాలియు అవసరమే. కాండానికి మేకులు కొట్టి పేర్ల పలకలు తగిలిస్తున్నాము. మొదట దీపాలు పెట్టి బెరడును కాలుస్తున్నాము. ఆకులు సిద్ధం చేసిన ఆహారం వేళ్లకు దిగే మార్గం ఆ బెరడులోనే ఉన్నది. తెలియక చేసినను ఇది పూజ పేరిట హింసయే.

కావున దేవాలయ వృక్షాల మొదలు చుట్టూ మట్టిని విడిచి ఉంచుదాము. దీపాన్ని దూరంగా వెలిగిద్దాము. రావి, మర్రి మొక్కలను గోడలకు దూరంగా, విశాల స్థలంలోనే నాటుదాము. చోటు తక్కువైన ఇండ్లవారు ఉసిరినో, పారిజాతాన్నో పెంచవచ్చును. నాటుట ఒక్కనాటి పని. వేసవిలో నీరుపోసి బ్రతికించుటయే వ్రతం.

ఇకమీదట ప్రదక్షిణం ముగించే ముందు ఒక్కసారి క్రిందికి చూద్దాము. మనం పోసిన నీరు మట్టిలో ఇంకినదా? ఇంకినచో మన పూజ ఆ తల్లికి చేరినట్లే.