ఎన్నుకునే హక్కు ఎవరిది? - 'విచర్ 3' ఆటలో కథాశిల్పం

వీడియో గేమ్‌ను కాలక్షేపపు సరుకుగా తోసిపుచ్చడం తేలిక. కాని 2023 నాటికి 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఒక కథను, అది తెరమీద ఆడే కథ అయినంత మాత్రాన, సాహిత్య విమర్శ చూడకుండా వదిలెయ్యడం సబబు కాదు. దాని బలమేమిటో, పరిమితి ఏమిటో వస్తు, శిల్పాల దృష్టితో పరిశీలించవలసి ఉంది.

పోలెండ్ రచయిత సప్కోవ్‌స్కీ 1986లో ఒక పత్రికలో అచ్చువేసిన కథతో 'విచర్' లోకం మొదలైంది. ఆయన నవలల తర్వాత జరిగినట్టుగా కొత్త కథ అల్లి, ఆ దేశానికే చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015లో 'విచర్ 3' ఆటను విడుదల చేసింది. కథానాయకుడు గెరాల్ట్. తాను పెంచిన సిరి అనే యువతిని యుద్ధంతో చితికిపోయిన నేలమీద వెతుకుతుంటాడు. ఏ దారిన వెళ్ళాలో, ఎవరికి ఏం జవాబివ్వాలో ఆటగాడే నిర్ణయిస్తాడు.

మన జానపద కథల్లో రాక్షసుణ్ణి చంపిన రాకుమారుడికి అర్ధరాజ్యం దక్కుతుంది. గెరాల్ట్ రాకుమారుడు కాడు, కూలికి పనిచేసే వేటగాడు. తిండికి లేని ఊళ్ళో పెద్దమనిషితో కూలి బేరమాడతాడు. అద్భుత కథలోకి శ్రమనూ దాని వెలనూ తీసుకురావడం ఈ రచనలోని మొదటి గొప్ప.

రెండవది బ్యారన్ ఘట్టం. సైన్యం నుంచి పారిపోయి ఒక కోటను ఆక్రమించుకున్న ఈ దొర తాగుబోతు, భార్యను కొట్టినవాడు. భార్యా కూతురూ ఇల్లు విడిచిపోయారు. వాళ్ళ జాడ చెబితే సిరి సంగతి చెబుతానంటాడు. భార్య చిత్తడి నేలలో ముగ్గురు మంత్రగత్తెల చేతిలో బందీగా, అనాథ పిల్లలను సాకుతూ ఉంటుంది. ఒక చెట్టుకింద చిక్కిన ఆత్మను విడిపిస్తే పిల్లలు బతుకుతారు, కాని ఒక ఊరు నాశనమవుతుంది, ఆమె చనిపోతుంది, బ్యారన్ ఉరివేసుకుంటాడు. ఆత్మను చంపితే పిల్లలు దక్కరు. ఆమె మతి చెడినా ప్రాణంతో ఉంటుంది. ఫలితం వెంటనే తెలియదు, చాలాసేపటికి ఎదురవుతుంది. మంచి చేస్తే మంచే జరుగుతుందన్న నీతికథ ఇక్కడ చెల్లదు. పాఠకుడిగా జాలిపడి ఊరుకోగలిగినవాడు ఆటగాడిగా బాధ్యుడవుతాడు. అచ్చు కథకు సులభంగా అందని శక్తి ఇది.

అయితే ఈ శక్తిని ఆట యంత్రాంగమే దెబ్బతీస్తుంది. సిరి ప్రాణాపాయంలో ఉందని కథ చెబుతుంది. ఆటగాడు ఎన్నాళ్ళు పేకముక్కల పందెంలో కూర్చున్నా ప్రధాన కథ అతని కోసం ఆగి ఉంటుంది. ఒకచోట రెండు దెబ్బలకు కూలే దొంగ మరోచోట అంకె పెద్దదైనందువల్ల అజేయుడు. ఇక్కడ బలాన్ని పాత్ర స్వభావం కాక లెక్క నిర్ణయిస్తున్నది. ఆకలి ఊళ్ళో గుడిసెలోకి దూరి పెట్టె ఖాళీ చేసినా ఇంటివాడు నోరెత్తడు. బీదతనాన్ని అంత శ్రద్ధగా చిత్రించిన రచన, బీదవాడి సొత్తును ఆటగాడికి ఉచితంగా అప్పగిస్తుంది.

ఈ లోపాలన్నిటికీ మూలం ఒకటే. ఎన్నుకునే హక్కు ఒక్క కథానాయకుడిదే. ఊరు నాశనమవ్వాలా, పిల్లలు పోవాలా అన్నది అతడు తేలుస్తాడు. ఆ ఊరివాళ్ళు కలిసి ఒక నిర్ణయం తీసుకోవడమన్నది ఆ ఘట్టంలో కనిపించదు. ప్రజలు బాధితులుగా సజీవంగా ఉన్నారు, కర్తలుగా లేరు. యుద్ధం ఎవరిని నలిపిందో చూపిన రచయితలు, నలిగినవాళ్ళు ఏం చేయగలరో ఊహించలేదు.

ఈ రూపం యువ రచయితలు అధ్యయనం చెయ్యదగినది. ఆలస్యంగా అందే పర్యవసానం, పాఠకుణ్ణి బాధ్యుణ్ణి చేసే నిర్మాణం దీని నుంచి నేర్చుకోవచ్చు. నిర్ణయం జనం చేతిలో ఉండే కథను ఈ రూపంలో ఎలా చెప్పాలన్నది రాబోయే రచయితల ముందున్న పని.