నడిచేవారు వేలు... రాసేవారేరీ?

ఆత్మకూరు: శివరాత్రి దగ్గర పడిందంటే వెంకటాపురం అడవి దారిలో జనం బారులు తీరతారు. ఉగాదికి మళ్లీ అంతే. నెత్తిన మూట, చేతిలో కర్ర, నోట మల్లన్న నామం. నాగలూటి, దామర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం... ఈ మజిలీల పేర్లు ఈ ప్రాంతంలో బడికి పోయే పిల్లలు సైతం వరుసగా చెబుతారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులైతే భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి, చీర, పసుపు, కుంకుమలతో వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. కొందరు మొక్కు కొద్దీ కర్రకాళ్ల మీద కూడా నడుస్తారు. ఇంతమంది తొక్కే ఈ దారి గురించి కాగితం మీద పెట్టినవారు మాత్రం బహు తక్కువ.

పెట్టినవారిలో ముందుగా చెప్పుకోవలసినది ఏనుగుల వీరాస్వామయ్యను. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగి. 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం చూసుకుని ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లాడు. అప్పుడు బస్సు లేదు, ఘాట్ రోడ్డు లేదు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం దాటి పోవడం తప్ప ఇటువైపు నుంచి వేరే గతి లేదు. 1831 సెప్టెంబరు 3న ఆయన తిరిగి చెన్నపట్నం చేరాడు. దారి పొడుగునా రాసుకున్న సంగతులు ఆయన పోయిన తరువాత 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. దిగవల్లి వేంకట శివరావు 1941లో మళ్లీ వెలువరించిన ప్రతి వల్ల ఆ పుస్తకం ఇప్పటివారికి అందింది.

ఆ పుస్తకంలో గొప్ప వర్ణనలు వెదికితే నిరాశే మిగులుతుంది. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడలు, దారి రాతిదా రేగడిదా, నీళ్లు బావివా చెరువువా, అంగళ్లు ఉన్నాయా లేవా, దిగడానికి చోటెక్కడ అన్నవే ఎక్కువ. వెనుక వచ్చేవాడికి పనికిరావాలన్నది ఆయన పట్టుదల. అయినా నిజం చెప్పడానికి వెరవలేదు. అప్పట్లో శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేస్తూ గుడి బాగోగులు పట్టించుకోవడం లేదని ఆయన నిర్మొహమాటంగా రాశాడు. 1839లో కుంఫిణీవారు ఆ నవాబును తొలగించారు. నవాబూ పోయాడు, పన్నూ పోయింది. ఆ మాట మాత్రం పుస్తకంలో నిలిచి ఉంది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. వీరాస్వామయ్య యాత్ర చాలావరకు పల్లకీలో సాగింది. మోసినవారు బోయీలు. వారి భుజాల కాయలు, పాదాల పగుళ్లు ఎలా ఉన్నాయో చెప్పే పుస్తకం లేదు. రాసినవాడు కూర్చుని రాశాడు, నడిచినవాడికి రాత లేదు. నేడు నడిచేవారిలో చదువుకున్నవారు బోలెడుమంది. చేతిలో సెల్‌ఫోను లేనివాడు అరుదు. ఫొటోలు వందలు తీస్తున్నారు. ఆ నీటి చెలమ పేరేమిటో, ఎండాకాలం ఎన్నాళ్లు నీరుంటుందో ఏ ఫొటోలోనూ కనబడదు.

చెంచులకు తెలిసిన లెక్క

ఆ లెక్క తెలిసినది చెంచులకు. నాగలూటి, పెద్దచెరువు గూడెంలలో వారు ఉంటున్నారు. ప్రతి వాగుకు, ప్రతి బండకు వారి దగ్గర పేరుంది. ఏ చెట్టు కింద నన్నారి తీగ పారుతుందో, ఏ లోయలో తేనెపట్టు ఏ నెలలో నిండుతుందో పెద్దవారి నోటనే ఉంది. కృష్ణకు ఆవలి అమ్రాబాద్ అడవుల్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1940లో చెంచు పెంటల వెంట తిరిగి, 1943లో వారి మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. అంత దూరం నుంచి వచ్చినవాడు చేసిన పనిలో పదోవంతు ఇక్కడి పల్లెల నుంచి జరిగినా చాలునని అనిపిస్తుంది. ముసలివారు ఒక్కొక్కరే దాటిపోతున్నారు. వారితోపాటు ఆ పేర్లూ పోతున్నాయి.

రాయదలచినవారికి ఒక చిన్న నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు చాలు. పెన్నైతే చెమట తగిలి సిరా అలుక్కుపోతుంది. ఆగిన ప్రతిచోటా నాలుగు ముక్కలు అక్కడే రాసుకోవాలి. సాయంత్రానికి రాద్దామనుకుంటే ఒళ్లు నొప్పులు తప్ప ఇంకేమీ గుర్తుండదు. భీమునికొలను లోయలో దిగి, రాతిమెట్లెక్కి కైలాసద్వారం చేరినవాడికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ మెట్లు రెడ్డిరాజుల నాటివి, ప్రోలయ వేమారెడ్డి కట్టించినవని ప్రతీతి. ఎక్కేటప్పుడు ఆయనను తలచుకునే ఓపిక ఎవరికీ ఉండదు. పైకెక్కి ఊపిరి పీల్చుకున్నాక తలచుకుంటారు.

మూట తేలికగా ఉండాలి. జొన్నరొట్టెలు, వేరుసెనగ ఉండలు, బెల్లం, ఉప్పు-చక్కెర నీళ్ల పొట్లాలు, టార్చిలైటు, ఒక దుప్పటి. నీళ్లకు స్టీలు సీసా మేలు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు అడవిలో పారేస్తే తిండి వాసనకు దుప్పులు, కణుతులు వాటిని మింగి చస్తున్నాయి. ఉగాది నాటికి ఎండ ముదురుతుంది. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ఎక్కకముందే నీడ పట్టుకోవాలి. అది ఇప్పపూలు రాలే కాలం కూడా. ఆ పూల కోసం ఎలుగుబంట్లు వస్తాయి కనుక మసక వెలుతురులో ఒంటరిగా నడవరాదు. చుట్ట, బీడీ నిప్పు పారేయడం మరీ ప్రమాదం. ఎండిన బోదగడ్డికి ఒక్క రవ్వ చాలు, కొండంతా అంటుకుంటుంది.

తోచినప్పుడల్లా మూట కట్టుకుని అడవిలోకి పోవడానికి వీల్లేదని గుర్తుంచుకోవాలి. 1983 నుంచి ఇది ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. శివరాత్రి, ఉగాది రోజుల్లో అటవీశాఖ కాలిబాటను తెరుస్తుంది. ఆ తరువాత దారి జంతువులదే. కాస్త కష్టమనిపించినా ఇది సబబే. ఏడాదంతా జనం తొక్కితే అక్కడ రాయడానికి మిగిలేది ఏముంటుంది?

రాసేవారు రాయకుండా వదలవలసినవి కూడా ఉన్నాయి. పులి ఏ చెలమకు నీళ్లకు వస్తుందో, ఎర్రచందనం ఏ వాలులో ఉందో, చెంచులు తేనె తీసే కొండచరియ ఏదో ఊరూ పేరూ రాసి అచ్చువేస్తే అది చదువరుల కన్నా ముందు వేటగాళ్లకు, దొంగలకు ఉపయోగపడుతుంది. వీరాస్వామయ్య కాలంలో ఈ చింత లేదు. నేడు ఉంది. చెంచు పెద్దలు నమ్మి చెప్పిన మాట అచ్చులోకి ఎక్కించే ముందు వారిని అడిగి తీరాలి. పుట్టల దగ్గర, చెట్ల దగ్గర వారికి దేవుళ్లున్నారు. అన్నీ అందరికీ చెప్పేవి కావు.

పండుగ రోజుల్లో రద్దీ మధ్య నోటుపుస్తకం తెరవడం కష్టమనుకునేవారికి మరో వీలు ఉంది. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే రోడ్డు మీద బైర్లూటి వద్ద అటవీశాఖ బసను ఏర్పాటు చేసింది. అడవి చూపించే ఏర్పాట్లూ అక్కడున్నాయి. చెంచు యువకులకు దానివల్ల కొంత పని దొరుకుతోంది. రాసుకోవడానికి వచ్చామని చెప్పి, ఆ పిల్లల తాతలు ఎవరైనా ఉన్నారేమో వాకబు చేసుకోవాలి. పొద్దున పూట, వారు పనులకు కదలకముందే వెళ్లడం మంచిది.