ఇంటి వేడిని కొలిచే చదువు

వికారాబాద్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లను ఎవరినైనా అడగండి. సిమెంటు ఎన్ని బస్తాలు పట్టింది, స్టీలు ఎన్ని టన్నులు, కింద పరిచింది తాండూరు నీలి బండా, పసుపు బండా, అన్నీ నోటి లెక్కగా చెప్తారు. ఎండాకాలంలో ఆ ఇంటి స్లాబులోంచి ఎంత వేడి లోపలికి దిగుతోంది, ఆ వేడిని తట్టుకోవడానికి నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. లక్షలు పోసి కట్టిన ఇంట్లో ఎవరూ కొలవని సంగతి అది. ఆ కొలత వేయడం నా వృత్తి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అందరూ పిలిచే పేరు బీఈఈ, పెట్టే పరీక్ష పాసై ఎనర్జీ ఆడిటర్‌నయ్యాను. పప్పు మిల్లులు, పాలిషింగ్ యూనిట్లు, ఆసుపత్రులతో పాటు పిలిచినవాళ్ల ఇళ్లకూ వెళ్తాను.

అమెరికాలో ఇళ్ల కోసమే ఇలాంటి వృత్తి ఒకటి స్థిరపడింది. దాన్ని చేసేవాళ్లను హోమ్ ఎనర్జీ రేటర్లు అంటారు. 1995లో ఏర్పడిన రెస్‌నెట్ అనే సంస్థ వాళ్లకు ప్రమాణాలు నిర్ణయిస్తుంది. వాళ్ల రేటింగ్‌లో 2006 నాటి నిబంధనల ప్రకారం కట్టిన ప్రామాణిక ఇంటికి 100 అంకె ఇచ్చారు. ఏడాదికి వాడుకునేంత శక్తిని తానే తయారుచేసుకునే ఇంటికి సున్నా. మీ ఇంటి అంకె ఎంత తక్కువైతే ఖర్చు అంత తక్కువ. రేటర్ కావాలంటే శిక్షణ తీసుకోవాలి, జాతీయ పరీక్ష పాసవ్వాలి, అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో కొన్ని ఇళ్లకు రేటింగ్ వేసి చూపించాలి. సర్టిఫికెట్ వచ్చాక కూడా ఆ పనిని పైవాళ్లు తనిఖీ చేస్తూనే ఉంటారు. వీధి తలుపుకు పెద్ద ఫ్యాను బిగించి, ఇంట్లో గాలి ఒత్తిడిని బయటికంటే 50 పాస్కల్స్ మార్చి, సందుల్లోంచి ఎంత గాలి జారిపోతోందో కొలవడం వాళ్ల ముఖ్యమైన పరీక్షల్లో ఒకటి.

మన దేశంలో ఇంటికంటూ అలాంటి రేటర్ల వ్యవస్థ ఇంకా ఊళ్లదాకా రాలేదు. దానికి దగ్గరి దారి బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష. నేను నడిచింది ఆ దారే.

సిమెంటు ఊళ్లో మొదటి పాఠం

మా నాయిన తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. కరెంటు పోతే యంత్రం ఆగేది, యంత్రం ఆగితే కూలి ఆగేది. కరెంటుకూ అన్నానికీ ఉన్న సంబంధం మా ఇంట్లో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, తాండూరు చుట్టుపక్కల ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. ఆ నేల కింద ఉన్నదంతా సున్నపురాయే. పలకలుగా చీలితే బండ, పొడి చేసి కాలిస్తే సిమెంటు. కరన్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ వెలసింది అందుకే.

ఎనర్జీ ఆడిటర్ అనే మాట మా ఊళ్లో వినపడడానికి కారణం ఒక చట్టం. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2002 మార్చి 1న బీఈఈ ఏర్పడింది. ఏడాదికి 30,000 టన్నుల చమురుకు సమానమైన శక్తిని, అంతకు మించీ వాడే సిమెంటు ఫ్యాక్టరీలు ఈ చట్టం కిందికి వస్తాయి. అవి పరీక్ష పాసైన ఎనర్జీ మేనేజర్‌ను పెట్టుకోవాలి, లెక్కలు ప్రభుత్వానికి చూపించాలి. 2012 నుంచి వాటికి పొదుపు లక్ష్యాలు కూడా పెట్టారు. లక్ష్యం దాటి పొదుపు చేసిన ఫ్యాక్టరీకి అమ్ముకోగలిగే సర్టిఫికెట్లు ఇచ్చేవారు, అందుకోలేనిది వాటిని కొనాల్సి వచ్చేది.

టన్ను సిమెంటుకు సుమారు 80 యూనిట్ల కరెంటు పడుతుంది. అందులో ఒక్క యూనిట్ తగ్గితే ఏడాదికి లక్షల రూపాయలు మిగులుతాయి. అందుకే అక్కడ ప్రతి మోటారు లోడు రాసిపెడతారు, కంప్రెసర్ గాలి ఎక్కడ లీకవుతోందో సెలవురోజున చెవులు రిక్కించి వెతుకుతారు. మా సీనియర్ సారు కొత్తగా చేరినవాళ్లందరికీ ఒకటే చెప్పేవారు: కొలవకముందు ఏదీ మార్చొద్దు, మార్చాక మళ్లీ కొలవకుండా ఊరుకోవద్దు. నా వృత్తికంతటికీ మూలం ఆ మాటే.

పరీక్షలో ఏముంటుంది?

ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్లు, నాలాంటి డిప్లొమావాళ్లకు ఆరేళ్లు అనుభవం ఉంటేనే ఈ పరీక్ష రాయనిస్తారు. ఆ అనుభవం శక్తి వినియోగానికి సంబంధించిన పనిలో ఉండాలి. దేశంలో మొదటిసారి ఈ పరీక్ష 2004లో జరిగింది.

మొదటి పేపరు మూల సూత్రాలది. చట్టం, ఆడిట్ పద్ధతి, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగొస్తుందనే లెక్క అందులో ఉంటాయి. రెండోది వేడికి సంబంధించినది: బాయిలర్లు, ఫర్నేసులు, ఆవిరి, వేడి బయటికి పోకుండా వేసే ఇన్సులేషన్. మూడోది కరెంటుది: మోటార్లు, పంపులు, ఫ్యాన్లు, ఏసీలు, లైట్లు. ఈ మూడూ పాసైతే ఎనర్జీ మేనేజర్. నాలుగోది కూడా రాస్తే ఎనర్జీ ఆడిటర్. ఇందులో ఒక యంత్రం కొలతలు ఇచ్చి దాని సామర్థ్యం ఎంతో తేల్చమంటారు. నేను రాసినప్పుడు ఈ పేపరుకు పుస్తకాలు దగ్గర పెట్టుకోనిచ్చారు. అయినా పేజీలు తిప్పేంత తీరిక దొరకలేదు. ప్రతి పేపరులోనూ సగం మార్కులు రావాలి. నాలుగు పేపర్లకూ బీఈఈ వేసిన నాలుగు గైడ్ పుస్తకాలున్నాయి, దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను వాటితోనే చదివాను. షిఫ్టు దిగి వచ్చి, వంట కానిచ్చి, పిల్లలు పడుకున్నాక లెక్కలు చేసేదాన్ని.

చట్టం కిందికి వచ్చే పెద్ద ఫ్యాక్టరీలను ఆడిట్ చేయాలంటే ఈ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ఆడిటింగ్‌లో ఏళ్ల అనుభవం చూపించి, ఇంటర్వ్యూలో నెగ్గి, అక్రెడిటేషన్ తెచ్చుకోవాలి. పాసైనవాళ్లు ఐదేళ్లకోసారి రిఫ్రెషర్ శిక్షణ తీసుకోవాలి.

కట్టడాల వైపు మొగ్గు ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లోనే మరో దారి ఉంది. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ కార్యాలయం కొండాపూర్ దగ్గర ఉంది. 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించిన ఆ భవనం, ప్లాటినం స్థాయి లీడ్ హరిత భవన గుర్తింపు పొందిన మొదటి కట్టడాల్లో ఒకటి. ఆ కౌన్సిల్ ఇళ్లకు గ్రీన్ హోమ్స్ రేటింగ్ ఇస్తుంది, నిపుణులకు పరీక్ష పెడుతుంది.

ఫ్యాక్టరీ నుంచి ఇంటికి

ఇళ్ల కోసం దేశంలో రాసిన కోడ్ ఎకో నివాస్ సంహిత. ఇండో-స్విస్ ప్రాజెక్టు సాయంతో తయారై 2018 డిసెంబరు 14న విడుదలైంది. 2019 ఫిబ్రవరిలో ఫ్రిజ్‌ల మాదిరే ఇళ్లకూ స్టార్ లేబుల్ ప్రకటించారు. సంహితలోని ముఖ్యమైన నియమాలు సామాన్యులకు కూడా అర్థమయ్యేవే. హైదరాబాద్ లాంటి వాతావరణంలో బయటి గోడలు, కిటికీలు కలిపి చదరపు మీటరుకు సగటున 15 వాట్లకు మించి వేడిని లోపలికి రానివ్వకూడదు. నేల వైశాల్యంలో కనీసం ఎనిమిదో వంతు తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలి. పైకప్పు వేడిని దాటించే కొలత, దాన్ని యూ-విలువ అంటాం, 1.2 దాటకూడదు.

ఈ చివరి అంకె దగ్గరే మన ఇళ్లన్నీ ఆగిపోతాయి. ఆరు అంగుళాల కాంక్రీటు స్లాబుకు లెక్క కడితే యూ-విలువ మూడు దాటుతుంది. అంటే కోడ్ ఒప్పుకునేదానికి రెండున్నర రెట్లకు పైగా. మధ్యాహ్నమంతా ఎండను తాగిన స్లాబు సాయంత్రం నుంచి ఆ వేడిని గదుల్లోకి వదులుతుంది. వికారాబాద్‌లో రైల్వే స్టేషన్ వైపు ఒక ఇంట్లో పెద్దమ్మ అడిగింది ఇదే.

"రాత్రి పదైనా ఇంట్ల కూసోబుద్ధి అయితలేదు బిడ్డా. ఏసీ పెట్టిస్తే పోతదంటున్నరు, నిజమేనా?"

"ముందు నీ కప్పు ఎంత కాలుతున్నదో చూద్దాం పెద్దమ్మా. ఆ తర్వాత ఏసీ సంగతి."

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను సీలింగ్ వైపు చూపిస్తే సాయంత్రం ఏడింటికి కూడా 40 డిగ్రీలు దాటింది. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తోంది. అలాంటి కప్పు కింద ఏసీ పెడితే అది గదితో పాటు స్లాబును కూడా చల్లార్చాలి. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తే ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే. డబ్బున్నవాళ్లు ఇన్సులేషన్ బోర్డు వేసి పైన టైల్స్ పరిస్తే యూ-విలువ ఒకటి లోపుకు వస్తుంది. ఆ పూత అయ్యాక కూడా ఏసీ కావాలనిపిస్తే చిన్నది సరిపోతుంది.

అయితే 2018 నాటి సంహిత 500 చదరపు మీటర్లు, అంతకంటే పెద్ద స్థలాల్లో కట్టే నివాసాల కోసం రాసినది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన ఇళ్లు కూడా 100 కిలోవాట్లు, అంతకు మించి లోడు ఉండేవి. నూటయాభై గజాల్లో ఇల్లు కట్టుకున్న పెద్దమ్మ వీటిలో దేని కిందికీ రాదు. వేడి మాత్రం ఆమెకే ఎక్కువ.

200 యూనిట్ల గీత

తెలంగాణ ప్రభుత్వ పథకం గృహజ్యోతి వచ్చాక ఇంటి లెక్కకు విలువ పెరిగింది. 2024 నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. లెక్కకు ఒక ఇంట్లో మే నెలలో 240 యూనిట్లు కాలాయనుకుందాం. మొదటి 200కు రూ.5.10 చొప్పున, మిగతా 40కి రూ.7.70 చొప్పున రూ.1,328 అవుతుంది. ఇతర ఛార్జీలు దానిపైన. ఆ ఇంట్లో 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 108 యూనిట్లు. వాటి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు అయితే 43. వాడకం 175 యూనిట్ల దగ్గర ఆగుతుంది, కట్టాల్సింది ఏమీ ఉండదు.

ఈ లెక్క వేయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఏడాది బిల్లులు ముందు పెట్టుకుంటాను. చలికాలపు నెలకూ ఎండాకాలపు నెలకూ ఉన్న తేడా చూస్తే చల్లదనానికి ఎంత ఖర్చవుతోందో తెలుస్తుంది. తర్వాత ఇంట్లో అన్నీ ఆపించి మీటరు ముందు నిలబడతాను. యూనిట్‌కు ఎన్నిసార్లు ఎర్ర లైటు మిణుకుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది. అన్నీ ఆపాక కూడా మిణుకుతుంటే ఏదో లోడు దాక్కున్నట్టు. అది సెట్‌టాప్ బాక్సు కావచ్చు, ఇన్వర్టర్ కావచ్చు, వైరింగ్‌లో లీకేజీ కావచ్చు. ఫ్రిజ్‌కు ప్లగ్ మీటర్ పెట్టి ఒక రోజు ఉంచుతాను. వంటింట్లో ఎక్కువసేపు కూర్చుంటాను. ఎన్నింటికి నీళ్లు కాస్తారు, మోటారు ఎంతసేపు నడుస్తుంది, ఏ గదిలో పిల్లలు చదువుకుంటారు అనే సంగతులు ఇంటి ఆడవాళ్లు చెప్తేనే తెలుస్తాయి. ఏ మీటరూ వాటిని చూపదు.

ఈ వృత్తిలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. ఫ్యాన్లు, ఏసీలు, పూతలు, సోలార్ పలకలు, ఏవీ అమ్మను. ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోను. అమ్మేవాడు కొలిస్తే ఆ కొలతను ఎవరు నమ్ముతారు? పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 సబ్సిడీ వస్తోందని అందరూ అటే చూస్తున్నారు. మంచిదే. ముందు వృథా ఆపితే మూడు కావలసిన చోట రెండు కిలోవాట్లే సరిపోతాయేమో. అది చెప్పడానికి అమ్మకంతో సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలి.

ఈ చదువు మన పిల్లలకు కావాలి

ఫ్యాక్టరీ కోసం రాసిన పరీక్షతో ఇంటిని కొలవడం కుదురుతుంది, నేను చేస్తున్నాను. కానీ ఊరికి కావలసింది అంత పెద్ద పరీక్ష కాదు. కొన్ని నెలల శిక్షణ, తెలుగులో పాఠాలు, చేత్తో కొలిచి చూపించే పరీక్ష, సీనియర్ పర్యవేక్షణలో కొన్ని ఇళ్ల రేటింగ్, ఆ తర్వాత సర్టిఫికెట్. ఐటీఐ ఎలక్ట్రీషియన్లు, డిప్లొమా చదివిన అమ్మాయిలు, అబ్బాయిలు దీన్ని సులభంగా నేర్చుకోగలరు. తాండూరులో మోటారు విప్పి బిగించగలిగిన చేతులకు థర్మామీటర్ పట్టడం కష్టమేమీ కాదు. ప్రభుత్వం కట్టించే ఇళ్లకు స్లాబు పోసేముందే ఇలాంటి రేటర్ ఒకసారి నక్షా చూస్తే, అందులో ఉండబోయే కుటుంబం జీవితాంతం కట్టే బిల్లు తగ్గుతుంది. మన రాష్ట్రంలో ఈ కోర్సు రావాలని నేను అడుగుతూనే ఉంటాను.

అది వచ్చేలోపు ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు బీఈఈ మొదటి గైడ్ పుస్తకం తెరవండి. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు వాట్లు, రోజుకు నడిచే గంటలు ఒక నోటుబుక్కులో రాసి, నెల యూనిట్లు కట్టండి. ఆ మొత్తం మీ కరెంటు బిల్లుతో కలిసేదాకా మళ్లీ మళ్లీ వెతకండి. కలిసిన రోజు పక్కింటి బిల్లు అడగండి. రెండో ఇంటి లెక్క కూడా కలిస్తే మీకు ఈ పని వచ్చినట్టే, ఆ తర్వాత పరీక్షకు దరఖాస్తు చేయండి.